పట్నం రైలు లెక్కను పల్లె కూడా అడగవచ్చు

నల్లగొండ: హైదరాబాదులో మెట్రో రైలు నడిస్తే మనకేమిటి, ఆగితే మనకేమిటి అన్న మాట నకిరేకల్, చిట్యాల హోటళ్ల దగ్గర తరచుగా వినిపిస్తుంది. మనలో చాలామంది ఆ రైలు ఎక్కి ఉండరు. ఎక్కినవారు కూడా ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి, ఆస్పత్రి పని మీదనో, పిల్లవాణ్ణి కాలేజీలో చేర్పించటానికో ఒకటి రెండుసార్లు ఎక్కినవారే. అయితే 2025 సెప్టెంబరు తర్వాత ఈ మాట చెల్లదు. ఆ నెలలో, మెట్రోను నడుపుతున్న ఎల్ అండ్ టి సంస్థ తప్పుకోవటానికి, రాష్ట్ర ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకోవటానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. సంస్థకు ఉన్న సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పు ప్రభుత్వానికి బదిలీ అవుతుంది. వాటాల కింద మరో 2,000 కోట్ల రూపాయల దాకా సంస్థకు చెల్లించాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనం మూడున్నర కోట్లు. 13,000 కోట్లను వారందరికీ పంచితే తలకు 3,700 రూపాయల పైచిలుకు పడుతుంది. అయిదుగురున్న ఇంటికి 18,500 రూపాయలు. మిర్యాలగూడ రైతు, దేవరకొండ కూలీ కూడా ఈ లెక్కలో ఉన్నారు. టిక్కెట్ల డబ్బుతో అప్పు తీరుతుంది కదా అనవచ్చు. 2024-25లో ఒక్క ఏడాదే సంస్థకు 600 కోట్ల రూపాయలకు పైగా నష్టం వచ్చింది. ఇక ఆ డబ్బుతో ఎంత తీరుతుందో ఎవరికి వారే అంచనా వేసుకోవచ్చు.

అప్పులో భాగం ఉన్నప్పుడు కాగితం చూసే హక్కు కూడా ఉంటుంది. 2005 అక్టోబరు 12 నుంచి అమలులో ఉన్న సమాచార హక్కు చట్టం పట్నంవారికి, పల్లెవారికి తేడా పెట్టలేదు. నిజానికి ఈ చట్టానికి బీజం పడిందే పల్లెలో. రాజస్థాన్ గ్రామాలలో కూలీలు తమ పేరు మీద మస్టర్ రోల్‌లో ఎంత రాశారో చూపించమని అడిగారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి ప్రజా విచారణ పెట్టి, పద్దులను అందరి ముందు చదివించింది. కూలీ పద్దుకు పనికివచ్చిన పద్ధతి రైలు పద్దుకు పనికిరాకుండా పోదు.

హైదరాబాదు మెట్రో చరిత్ర చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ముఖ్యమైన కాగితం ప్రతిసారీ ఆలస్యంగానే బయటపడింది. 2008లో మొదటి టెండరు మైటాస్ బృందానికి దక్కింది. ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు, తామే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్ల రూపాయలు ఒప్పందం కాలంలో చెల్లిస్తామని వారు ముందుకొచ్చారు. రైలు నడిపేవాడు సర్కారుకు ఎదురు కట్నం ఇస్తాడంటే ఆశ్చర్యపడవలసిందే. కాని అప్పటి పాలకులు సంతోషించారు. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీ ఇ. శ్రీధరన్ మాత్రం అదే సంవత్సరం సెప్టెంబరులో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షునికి లేఖ రాశారు. కాంట్రాక్టు సంస్థ కన్ను రైలు మీద కాదని, మెట్రోను తమ సొంత భూముల వైపు పొడిగించి వాటి ధర పెంచుకోవటమే ఆంతర్యమని, ఇది ముందు ముందు పెద్ద కుంభకోణం కావచ్చునని ఆ లేఖ సారాంశం. లేఖ పత్రికలకు పొక్కింది. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద పరువు నష్టం దావా వేస్తామన్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ పద్దులు దొంగవని ఆ సంస్థ అధిపతే ఒప్పుకున్నారు. అదే కుటుంబానికి చెందిన మైటాస్ పెట్టుబడి సమకూర్చలేకపోయింది. జూలైలో ఒప్పందం రద్దయింది. లేఖ పొక్కకపోయి ఉంటే ఆ హెచ్చరిక జనానికి తెలిసేదే కాదు.

2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందం జరిగింది. ఈసారి ఎదురు కట్నం లేదు సరికదా, ప్రభుత్వమే 1,458 కోట్ల రూపాయలు ఇవ్వాలి. 269 ఎకరాల సర్కారు భూమి డిపోలకు, దుకాణాల సముదాయాలకు కేటాయించారు. రెండేళ్ల వ్యవధిలో అదే రైలు 30,311 కోట్ల రాబడి నుంచి 1,458 కోట్ల ఖర్చుకు ఎలా మారింది? లెక్క వేసిన నిపుణులెవరు? రైలు ఎక్కే జనాన్ని ఎంతగా అంచనా వేశారు? రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారని నిర్మాణ కాలంలో అధికారులు చెబుతూ వచ్చారు. 2017 నవంబరులో రైలు మొదలైంది. 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయింది. 2024లో కూడా ఎక్కేవారు 5 లక్షల దగ్గరే ఉన్నారు. కరోనా దెబ్బ కొంత ఉన్నమాట నిజం. కాని మూడింట ఒక వంతుకు పడిపోవటానికి కరోనా ఒక్కటే కారణమంటే నమ్మటం కష్టం. ఇక జాప్యం వల్ల తమకు నష్టం జరిగిందంటూ సంస్థ 3,756 కోట్ల రూపాయలు అడిగింది కూడా.

ఇప్పుడు రెండో దశ వచ్చింది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 76.4 కిలోమీటర్ల పొడవున అయిదు మార్గాలకు 24,269 కోట్ల రూపాయల అంచనాతో ఉత్తర్వు ఇచ్చి, నివేదికలను కేంద్రానికి పంపింది. ఇందులో రాష్ట్రం వాటా 7,313 కోట్లు, కేంద్రం వాటా 4,230 కోట్లు. సగానికి కొంచెం తక్కువ మళ్లీ అప్పే. అయిదింటిలో ఒకటి ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్లు. అంటే మన విజయవాడ రోడ్డు మీదికే. ఈ మార్గంలో రోజుకు ఎందరు ఎక్కుతారని అంచనా వేశారు, ఆ అంచనా ఎవరు వేశారు, మొదటి దశలో తప్పిన లెక్కను ఈసారి ఎలా సరిచేశారు అన్నవి ఇప్పుడు అడగవలసిన ప్రశ్నలు. పని మొదలై స్తంభాలు లేచాక అడిగి ప్రయోజనం లేదు. మార్గాలు ఎంత తొందరగా మారతాయో కూడా చూశాం. రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. దాదాపు ఏడాదికి ప్రభుత్వం మారింది, ఆ మార్గం పక్కకు పోయింది.

సమాచారం అడిగినప్పుడు అధికారులు చెప్పే మొదటి సాకు, అది ప్రైవేటు కంపెనీ వ్యవహారమన్నది. ఇందులో సగమే నిజం. చట్టంలోని 2(ఎఫ్) ప్రకారం, ఒక ప్రభుత్వ కార్యాలయం వేరే ఏ చట్టం కిందనైనా ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా పౌరునికి ఇవ్వదగిన సమాచారమే. హైదరాబాద్ మెట్రో రైల్ లిమిటెడ్ ప్రభుత్వ సంస్థ. ఒప్పందంలో ఒక పక్షం ప్రభుత్వమే. కనుక దరఖాస్తు కంపెనీకి కాక ప్రభుత్వ సంస్థకు, పురపాలక శాఖకు పెట్టాలి. మరో సంగతి. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే సంస్థ కూడా చట్టం కిందికే వస్తుంది. 2013లో కేరళ సహకార బ్యాంకుల కేసులో సుప్రీంకోర్టు ఈ నిర్వచనాన్ని బిగించింది. 2019లో డి.ఎ.వి. కాలేజీ కేసులో మాత్రం, నగరంలో భూమిని ఉచితంగానో, బాగా చవకగానో ఇస్తే అదే గణనీయమైన సాయం కావచ్చునన్నది. 269 ఎకరాల విషయంలో ఈ తీర్పు ఎంత దూరం వెళుతుందో వాదించదగిన అంశం. స్వాధీనం పూర్తయి కంపెనీ సర్కారుదైతే ఈ వాదనే అక్కరలేదు. దాని చేతిలో ఉన్న పాత ఫైళ్లు కూడా చట్టం పరిధిలోకి వస్తాయి.

రెండో సాకు వ్యాపార రహస్యం. దీనికి ఢిల్లీ ఉదాహరణ చెప్పుకోవాలి. 2009 జూలై 12న జమ్రుద్‌పూర్ దగ్గర కట్టుబడిలో ఉన్న మెట్రో వంతెన కూలి కూలీలు చనిపోయారు. శ్రీ శ్రీధరన్ నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా ఇచ్చారు, ప్రభుత్వం తీసుకోలేదు. ఆ స్తంభం డిజైను, లెక్కలు ఇమ్మని ఢిల్లీ వాస్తుశిల్పి ఒకరు అడిగారు. డిజైను మీద హక్కులు తమవని మెట్రో సంస్థ నిరాకరించింది. కేంద్ర సమాచార కమిషన్ ఇవ్వాలన్నది. సంస్థ హైకోర్టుకు వెళ్లింది. 2011లో ఒంటి న్యాయమూర్తి కమిషన్ మాటనే నిలబెట్టగా, సంస్థ మళ్లీ అప్పీలుకు పోయింది. మనుషులు చనిపోయిన స్తంభం లెక్క కూడా రహస్యమేనని ఇంతదూరం పోరాడటం విచారకరం. వ్యాపార రహస్యానికి రక్షణ ఇచ్చే 8(1)(డి) లోనే, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవలసిందేనని కూడా ఉన్నది. ఆ రెండో ముక్కను దరఖాస్తులోనే రాయటం మంచిది.

బెంగుళూరులో 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది. పెంపును సిఫారసు చేసిన కమిటీ నివేదికను మాత్రం బయటపెట్టలేదు. ఒక పార్లమెంటు సభ్యుడు హైకోర్టుకు వెళ్లాక సెప్టెంబరులో గాని అది జనం చేతికి రాలేదు. హైదరాబాదులో రిటైర్డు న్యాయమూర్తి కమిటీ 2023 జనవరిలో నివేదిక ఇస్తే, చార్జీలు 2025 మేలో పెరిగాయి. టిక్కెట్టు కొనేవాడు నివేదిక చదివాకే డబ్బు కట్టాలని ఎవరూ అనరు. కాని ఇలాంటి కాగితాలను అడగకముందే పెట్టాలని 4వ సెక్షన్ చెబుతున్నది.

మన రాష్ట్రంలో ఇంకో చిక్కు ఉండేది. సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లు లేక మూతపడింది. శంకుస్థాపన అయిన మార్గం పక్కకు పోయినది, కొత్త మార్గాలు వచ్చినది, రెండో దశ ఉత్తర్వు వెలువడినది అంతా ఈ కాలంలోనే. అధికారి నిరాకరిస్తే రెండో అప్పీలు వినే దిక్కు లేని రోజులలో 24,269 కోట్ల రూపాయల నిర్ణయం జరిగిందన్నది గమనించవలసిన సంగతి. కమిషన్ తిరిగి పనిచేయటం మొదలైంది గనుక ఆ కాలపు కాగితాలను ఇప్పుడు అడగవచ్చు. 2025 నవంబరులో చట్టంలో ఒక సవరణ కూడా అమలులోకి వచ్చింది. వ్యక్తుల వివరాలన్న పేరుతో నిరాకరించటం దీనివల్ల సులువైంది. భూసేకరణలో ఫలానావారికి ఎంత పరిహారం ఇచ్చారని పేర్లతో అడిగితే అడ్డు తగలవచ్చు. గ్రామం వారీగా ఎకరాలు, గజం రేటు, మొత్తం సొమ్ము అడిగితే ఆ అడ్డు ఉండదు.

దరఖాస్తులో ‘ఎందుకు చేశారు’ అని అడిగితే జవాబు రాదు. ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. ఉదాహరణకు: “ఎల్.బి.నగర్ - హయత్‌నగర్ మార్గం సమగ్ర నివేదికలో ప్రయాణికుల అంచనా ఉన్న పేజీల నకలు. మొదటి దశ ఒప్పందం నాటి ప్రయాణికుల అంచనా నివేదిక నకలు. 2017 నుంచి ఏడాదివారీగా ఎక్కినవారి సంఖ్య. మెట్రో స్వాధీనానికి సంస్థ విలువ కట్టిన నివేదిక నకలు. 269 ఎకరాలలో ఏ సర్వే నంబరు ఎవరికి, ఎంత అద్దెకు ఇచ్చారో పట్టిక.” మంత్రివర్గ కాగితాలు నిర్ణయం జరిగి వ్యవహారం పూర్తయ్యాక ఇవ్వవలసినవే. ఎందుకు కావాలో మీరు చెప్పనక్కరలేదు. తెలుగులోనే రాయవచ్చు. తప్పు కార్యాలయానికి పోతే వారే 5 రోజులలో సరైనచోటికి పంపాలి.

రుసుము 10 రూపాయలు, పోస్టలార్డరు చాలు. ఇదే దరఖాస్తు మండల కార్యాలయంలో అయితే 5 రూపాయలు, గ్రామ పంచాయతీలో ఏమీ లేదు. తెల్లకార్డు ఉన్నవారికి ఎక్కడైనా ఉచితం. 30 రోజులలో జవాబు రాకపోతే తర్వాత 30 రోజులలోగా పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజులలోగా కమిషన్‌కు రెండోది. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. తగిన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు.

మన రోడ్డు పొడవునా ఇప్పుడు మెట్రో పేరు చెప్పి ప్లాట్లు అమ్ముతున్నారు. హయత్‌నగర్ దాటి ఎంతో దూరంలో ఉన్న వెంచరు కాగితం మీద కూడా రైలు బొమ్మ కనిపిస్తున్నది. 2008 లేఖలో శ్రీ శ్రీధరన్ హెచ్చరించింది రైలు పేరుతో భూమి ధర పెంచటం గురించే. అడ్వాన్సు ఇచ్చే ముందు, ఆ సర్వే నంబరుకు దగ్గరలో ఏ మార్గమైనా మంజూరైందా, ఉత్తర్వు నంబరు ఏమిటి అని మెట్రో కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టి, జవాబు వచ్చేదాకా నెల రోజులు ఆగవచ్చు. నకళ్లు పేజీకి 2 రూపాయలు. పేజీలు వందల్లో ఉంటే నకలు అడగకుండా, హైదరాబాదు వెళ్లినప్పుడు ఫైలు చూపమని అడిగి కూర్చుని చదువుకోవచ్చు. మొదటి గంటకు రుసుము లేదు.