పెండ్లి పందిరికి ఏ రంగు?



వేసవి వచ్చిందంటే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెలలో పెండ్లి పనులు మొదలవుతాయి. ఒకప్పుడు పందిరి వేయడం ఇరుగుపొరుగు వారి పని. ఇప్పుడు పట్టణము నుండి డెకరేషన్ వారు ఫోనులో ఫోటోలు చూపిస్తూ, “ఏ థీమ్ కావాలి?” అని అడుగుతున్నారు.

మా సంఘములో ఒక విశ్వాసి ఇంట ఇదే జరిగింది. ఇంటి ప్రక్కనే ఉన్న మామిడి తోటలో పెండ్లి అనుకున్నారు. అమ్మాయి తెలుపు, బంగారు రంగులు కోరుకుంది. తెల్లని గుడ్డలు, బంగారు కాగితపు ఆర్చి, థర్మాకోలు అక్షరాలు, ప్లాస్టిక్ గులాబీలు. అన్నిటికీ కలిపి 70 వేలు. తండ్రి సరేనని తల ఊపాడు.

ఆ రాత్రి ఆయన ఒంటరిగా మా ఇంటికి వచ్చాడు. “అయ్యగారూ, మిరపకాయ డబ్బులు పాత బాకీకే సరిపోయినయి. ఎవరి దగ్గరన్నా వడ్డీకి ఇప్పించండి” అన్నాడు. ఈ అలంకారమంతా అవసరమా అని అడిగాను. ఆయన తల దించుకొని, “నిరుడు ఆ పెండ్లిలో మీరే మెచ్చుకున్నరు గదా” అన్నాడు.

ఆ మాట నాకు గ్రుచ్చుకుంది. నిజమే. అంతకు ముందు ఏడు ఒక పెండ్లిలో, ఏర్పాట్లు ఎంతో ఘనముగా ఉన్నాయని నేను మైకులో చెప్పాను. ఆ ఇంటివారు ఆ ఘనతకు ఇంకా వడ్డీ కడుతున్నారని తరువాత తెలిసింది. కాపరి పొగిడినది సంఘమునకు కొలబద్ద అవుతుంది. ఆ రాత్రి నేను ప్రభువు ఎదుట ఒప్పుకొనవలసిన తప్పు అది.

మరునాడు అందరము మామిడి చెట్టు క్రింద కూర్చున్నాము. తండ్రి ఉన్న సంగతి చెప్పాడు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాన్నా, ముందే చెప్తే నేను అడిగేదాన్నా?” అన్నది. పందిరి అందముగా ఉండాలని ఆమె కోరుకోవడం పాపము కాదు. మొదటి వివాహమును దేవుడు జరిగించినదే ఒక తోటలో (ఆది. 2). అడవి పువ్వుకు సొలొమోనుకు మించిన అలంకారము ఇచ్చినవాడు ఆయనే (మత్తయి 6).

తాటాకు పందిరి, కొబ్బరి మట్టలు, మామిడి తోరణాలు అనుకొనగానే ఒక సంఘ పెద్ద అభ్యంతరము చెప్పారు. “తోరణము అన్యాచారము కాదా అయ్యగారూ?” ఇది చాలామందికి ఉన్న సందేహమే.

ఇశ్రాయేలీయుల పర్ణశాలల పండుగను జ్ఞాపకము చేసుకొనండి. ఈత మట్టలు, గుబురు చెట్ల కొమ్మలు తెచ్చి దేవుని ఎదుట సంతోషించుమని ఆజ్ఞ (లేవీ. 23). నెహెమ్యా కాలములో ప్రజలు ఇంటి కప్పుల మీద, ముంగిళ్ళలో ఆకుల పందిళ్ళు వేసుకున్నారు (నెహెమ్యా 8). దుమ్ముగూడెం మండలములోని పర్ణశాల పేరు వినని వారు మనలో లేరు. ఆ మాటకు ఆకుల ఇల్లు అనే అర్థము. ఆకు ఏ మతమునకూ సొంతము కాదు, సృష్టికర్తది. మన పొరుగున డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠింపబడిన కతీడ్రల్‌ను చూడండి. 1912లో బిషప్ అయిన అజరయ్యగారు ఈ దేశపు గుడుల, మసీదుల పనితనమును కలిపి దానిని కట్టించారు.

అయితే ఒక హద్దు ఉంది. అందము కొరకు కట్టిన ఆకు వేరు, దిష్టి తగలకూడదని వ్రేలాడదీసిన గుమ్మడికాయ వేరు. తోరణము లేకపోతే కీడు కలుగుతుందని భయపడేవారు దానిని కట్టకపోవడమే మేలు. క్రొత్తగా విశ్వాసములోనికి వచ్చిన సహోదరుని మనస్సాక్షి నొచ్చుకుంటుందని తెలిస్తే, అతని కొరకు మానుకొనడము ప్రేమ (రోమా. 14).

ఇక పనికి వచ్చే నాలుగు మాటలు. ఎండిన తాటాకు ఇట్టే అంటుకుంటుంది. వంట పొయ్యిలు పందిరికి దూరముగా, గాలి పందిరి వైపు వీచని చోట పెట్టండి. బాణాసంచా వద్దు. కరెంటు తీగలను అతుకులు బయటికి కనబడకుండా కట్టించండి. నీళ్ళ డ్రమ్ము, ఇసుక బకెట్లు దగ్గర ఉంచండి. మామిడి ఆకులు తెల్లవారుజామున కట్టి నీళ్ళు చల్లితే తొందరగా వాడవు. మల్లె మొగ్గల దండలను తడిగుడ్డలో ఉంచండి. రిజర్వు అడవిలో కొమ్మలు నరకవద్దు. థర్మాకోలు అలంకరణ సామాగ్రి 2022 జూలై 1 నుండి మన దేశములో నిషేధము. అది మన్నులో కలిసేది కాదు, కాల్చితే నల్లని పొగ.

ఆ పెండ్లి జరిగింది. యౌవనస్థులు ఒక్క పూటలో పందిరి వేశారు. స్త్రీలు మల్లెలు గుచ్చారు, అమ్మాయి కోరిన తెలుపు అదే. బంగారు రంగుకు పండిన మామిడిపండ్లను బుట్టలలో నింపి వేదిక ముందు పెట్టింది. విందు కాగానే పిల్లలు వాటిని ఖాళీ చేశారు. చుట్టములలో ఇద్దరు ముగ్గురు “మరీ సాదాగా చేశారు” అన్నారు. అననివ్వండి. ఆ తండ్రి అప్పు చేయలేదు. ఆ దినము నేను మైకులో అలంకారమును గూర్చి ఏమీ చెప్పలేదు. పందిరి వేసిన చేతుల కొరకు స్తోత్రము చెల్లించాను.

కానాలో పందిరి ఏ రంగులో ఉన్నదో యోహాను వ్రాయలేదు. యేసును పిలిచారని వ్రాశాడు.

మీ ఇంట పెండ్లి ఉంటే కుటుంబ ప్రార్థన తరువాత ఈ రెండు ప్రశ్నలు మాట్లాడుకొనండి: మన చేతిలో నిజముగా ఎంత ఉంది? ఆ సంగతి పెండ్లికూతురికి, పెండ్లికుమారునికి తెలుసా?

దేవుడు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.