లైట్ బ్రౌజర్ అనే బ్రహ్మపదార్థం

పాత కంప్యూటర్లో ఏ బ్రౌజర్ వాడాలన్న ప్రశ్నకు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఒకటే జవాబు చలామణిలో ఉంది. “క్రోమ్ తీసేసి లైట్ బ్రౌజర్ వేస్తే చాలు సార్, మిషన్ ఉరుకుతది” అంటాడు రిపేరు షాపు కుర్రాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిశాక ఈ మాటకు గిరాకీ ఇంకా పెరిగింది. విండోస్ 11 ఎక్కని డెస్క్‌టాప్‌లు ఒక్క రోజులో పాతవైపోయి, అంతకుముందే మూలకు చేరిన ఎక్స్‌పీ, విండోస్ 7 యంత్రాల సరసన నిలబడ్డాయి. ఇక పేల్ మూన్ గొప్పదా, కె-మెలియాన్ గొప్పదా, మైపాల్ గొప్పదా అని పట్టికలు, పంతాలు మొదలు. ఈ పోలికలన్నీ తప్పుడు కొలబద్దతో నడుస్తున్నవే. పాత యంత్రంలో నేటి పేజీని సరిగా తెరిచే బ్రౌజర్ తేలికగా ఉండదు. తేలికగా ఉండేది నేటి పేజీని సరిగా తెరవదు. ఈ సంగతి దాచిపెట్టి ఎంత పొడుగు పట్టిక వేసినా దండగే.

ఇక్కడ పాత కంప్యూటర్ అంటే అద్దాల బీరువాలో పెట్టే వస్తువు కాదు. హైదరాబాద్ ఈసీఐఎల్ 1970లలో తయారుచేసిన టీడీసీ యంత్రాలు ఆ కోవలోకి వస్తాయి. వాటికి బ్రౌజర్ గొడవే లేదు. ఈ పారిశ్రామిక ప్రాంతంలో పాతదంటే ఇంకా పనిలో ఉన్నదని అర్థం. పాశమైలారం రోడ్ల పక్క వేబ్రిడ్జి గదిలో లారీ కాంటా చీటీ ప్రింటు తీసేది, బొల్లారం, గడ్డపోతారం వైపు బల్క్ డ్రగ్ కంపెనీల ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ పరికరానికి కట్టేసినట్టు ఉండేది, ఇస్నాపూర్‌లోనో పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోనో జిరాక్స్ షాపు బల్ల మీద దుమ్ము పట్టిన కీబోర్డుతో కూర్చునేది. పరికరం సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు, డ్రైవరు సీడీ ఎప్పుడో పోయింది, ముట్టుకుంటే ఏం ఆగిపోతుందోనని భయం. అందుకే యంత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. దాని మీద బ్రౌజర్ ప్రయోగాలు మాత్రం ఆగవు.

ఆ ప్రయోగాల కొలబద్ద ఇది: బ్రౌజర్ తెరుస్తారు, ఏ పేజీ లేని ఖాళీ ట్యాబ్ పెడతారు, టాస్క్ మేనేజర్‌లో మెమరీ అంకె చూస్తారు. ఇది తక్కువ మింగింది కాబట్టి ఇదే మేలని తేల్చేస్తారు. ఖాళీ లారీ మైలేజీ చూసి సరుకు కిరాయి మాట్లాడుకునే ఓనరు ఈ హైవే మీద ఒక్కడూ దొరకడు. బ్రౌజర్ దగ్గర మాత్రం అందరూ ఆ లెక్కే వేస్తారు. ఖాళీ ట్యాబ్ చూడడానికి ఎవరూ కంప్యూటర్ కొనుక్కోలేదు.

అసలు ఆ అంకె ఎందుకు తగ్గిందో అడిగేవాళ్ళు తక్కువ. 2008లో వచ్చినప్పటి నుంచీ క్రోమ్ తన పనిని వేరు వేరు ప్రాసెస్‌లుగా విడగొడుతుంది. 2018లో, ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక, ఒక సైట్ సమాచారం మరో సైట్‌కు చిక్కకుండా సైట్ల మధ్య గోడ కట్టింది. దాని వల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం దాకా పెరుగుతుందని గూగులే చెప్పింది. పేల్ మూన్ అన్నీ ఒకే ప్రాసెస్‌లో నడుపుతుంది, కాబట్టి అంకె తక్కువ కనిపిస్తుంది. ఒక పేజీ బిగుసుకుపోతే మొత్తం కిటికీ బిగుసుకుపోతుంది. మెమరీ మిగిలింది గోడ తీసేసినందుకు. దీన్ని పొదుపు అనడం ఎక్కడి న్యాయం?

తేలికల్లోకెల్లా తేలిక డిల్లో. 1999 చివర్లో పుట్టింది, ఏళ్ళ తరబడి నిద్రపోయి 2024లో మళ్ళీ కొత్త విడుదలతో లేచింది. పాత లినక్స్ యంత్రంలో రెప్పపాటులో తెరుచుకుంటుంది. దానికి జావాస్క్రిప్ట్ రాదు. అంటే ఓటీపీ పేజీ రాదు, బ్యాంకు రాదు, జీఎస్టీ రాదు. నెట్‌సర్ఫ్‌కు జావాస్క్రిప్ట్ కొద్దిగా వచ్చు, ఆ కొద్ది చాలదు. పేల్ మూన్ పట్టుదల మెచ్చుకోదగ్గదే, కానీ 2025 మొదట్లో క్లౌడ్‌ఫ్లేర్ తనిఖీ పేజీ దగ్గరే దాని వాడకందార్లు గడప బయట నిలబడిపోయారు. పైగా పేల్ మూన్ కొత్త విడుదలలు ఎక్స్‌పీలో అసలు ఎక్కవు. అది పట్టికలు వేసేవాళ్ళు కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఎక్స్‌పీలో నేటి పేజీలు తెరిచే సత్తా ఉన్నది సూపర్‌మియం. అది క్రోమియం సంతానం, క్రోమ్ ఎంత తింటే ఇదీ ఇంచుమించు అంత తింటుంది. 1 జీబీ ర్యామ్ ఉన్న డబ్బాలో రెండు ట్యాబ్‌లు తెరిస్తే హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది.

చాలాసార్లు జబ్బు బ్రౌజర్‌లో ఉండనే ఉండదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ సెల్లు అయిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం పాత సంవత్సరానికి వెళ్ళిపోతుంది. సైట్ సర్టిఫికెట్ మొదలయ్యే తేదీ ఆ కంప్యూటర్ లెక్కలో ఇంకా రాలేదు, కాబట్టి ప్రతి సురక్షిత పేజీ మీదా ఎర్ర హెచ్చరిక. మూలనున్న తేదీని చూసే ఓపిక లేక మూడు బ్రౌజర్లు దింపి, మూడింటినీ తిట్టి, నాలుగోదానికి వెతుకుతారు. గడియారం సరిగ్గా ఉన్నా 2021 సెప్టెంబరు 30న ఇలాంటి గొడవే వచ్చింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆధారంగా నిలిచిన పాత రూట్ గడువు ఆ రోజు తీరింది. కొత్త రూట్ తెలియని పాత వ్యవస్థల్లో ఎన్నో సైట్లు ఆగిపోయాయి. అదే యంత్రంలో ఫైర్‌ఫాక్స్ వాడినవాళ్ళు చాలామంది గట్టెక్కారు. అది తేలికైనందుకు కాదు, విండోస్ మీద ఆధారపడకుండా తన సర్టిఫికెట్ల జాబితా తానే మోసుకు తిరిగినందుకు. ఎక్కువ బరువు మోసినదే ఇక్కడ పని చేసింది.

తెలుగువాళ్ళు చేసే పోలికల్లో తెలుగే లేకపోవడం మరీ విడ్డూరం. కొలతలన్నీ ఇంగ్లీషు పేజీల మీద. పరీక్షకు ఈ ప్రాంతంలోని రెండు ఊరి పేర్లు చాలు. ‘సంగారెడ్డి’లో డ కింద డ ఒత్తు కూర్చోవాలి. ‘పటాన్‌చెరు’లో దానికి పూర్తిగా విరుద్ధం: న్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉండి, చె వచ్చి న కింద ఒత్తుగా చేరకుండా ఆపాలి. అక్షరాల కూర్పు తెలియని బ్రౌజర్ మొదటి పేరులో ఒత్తును ఊడదీసి పక్కన పెడుతుంది, రెండో పేరులో కనిపించకూడని చోట డబ్బా గీస్తుంది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడికి టిక్కు పెడితే తప్ప కూర్పు పనిచేయదు. టిక్కు పెడితే ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఆ సీడీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కొత్త ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లు హార్ఫ్‌బజ్ అనే కూర్పు సరంజామా తమ వెంటే తెచ్చుకుంటాయి. అదీ బరువే. డిల్లో అలాంటిది ఏదీ తేదు. మెమరీ పట్టికలో దానికి మొదటి స్థానం ఇచ్చిన పెద్దమనిషి ఒక్క తెలుగు వార్త తెరిచి చూసినా స్థానం మారిపోయేది.

ప్రత్యామ్నాయ బ్రౌజర్‌కు తెలుగులో మంచి చరిత్రే ఉంది, దాన్ని ఈ పోలికలు గుర్తుపెట్టుకోలేదు. 2000ల తొలి ఏళ్ళలో ఈనాడు వంటి పత్రికల సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఎవరి ఫాంటు వారిది, ఎవరి సంకేతాలు వారివి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫాంటు తనంతట తాను దిగేది, మరో బ్రౌజర్‌లో అర్థం లేని గీతలు వచ్చేవి. వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. అది ఆ సంకేతాలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పేజీలో వెతకడం, కాపీ చేసుకోవడం వీలైంది. చదవలేనిది చదవగలిగినందుకు తెలుగు పాఠకులు ఫైర్‌ఫాక్స్ వైపు వచ్చారు. అది ఎన్ని ఎంబీలు మింగుతోందని అప్పుడు ఎవరూ అడగలేదు. 2010లో బెంగళూరు నుంచి వచ్చిన ఎపిక్ బ్రౌజర్ కూడా మొదట్లో భారతీయ భాషల్లో టైపు చేసే సౌకర్యాన్నే ముందు పెట్టుకుంది.

బ్రౌజర్ల మీద ఇంత చర్చ చేసేవాళ్ళు అసలు దోషిని మాత్రం వదిలేస్తారు. దోషి పేజీ. ఇస్నాపూర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చే ఒడిశా, బిహార్ కాంట్రాక్టు కార్మికుడికి కావలసింది పీఎఫ్ ఖాతాలో ఎంత జమ అయిందన్న ఒక్క అంకె. ఆ అంకె చేతికి రావాలంటే బొమ్మలు, బ్యానర్లు, కదిలే ప్రకటనలు, ఎక్కడెక్కడి నుంచో దిగే స్క్రిప్టులు దాటాలి. ప్రపంచవ్యాప్తంగా సగటు వెబ్ పేజీ 2 ఎంబీ దాటి చాలా కాలమైంది. అందులో మనిషికి కావలసిన ముక్క 2 కేబీ కూడా ఉండదు. ఆ భారం పేజీ రాసినవాడు పెట్టాడు, మోసేది జిరాక్స్ షాపు పాత డబ్బా, మాట పడేది బ్రౌజర్.

ఒకే బ్రౌజర్‌కు కట్టుబడాలని సైట్లు పెట్టిన షరతు పాత కథ. డిజిటల్ సంతకంతో టెండరు వేయాలంటే జావా ఆప్లెట్ కావలసి వచ్చేది, ఆప్లెట్‌కు ప్లగిన్ కావలసి వచ్చేది. క్రోమ్ 2015 సెప్టెంబరులో ఆ తరహా ప్లగిన్లను పూర్తిగా తీసేసింది, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో ఫ్లాష్ ఒక్కటి తప్ప అన్నీ ఆపేసింది. పోర్టళ్ళు మాత్రం తీరిగ్గా నడిచాయి. చిన్న ఫ్యాక్టరీ అకౌంటెంటు ఒక కంప్యూటర్‌ను అప్‌డేట్ కాకుండా కాపాడుకుంటూ వచ్చాడంటే అది మొండితనం కాదు, టెండరు గడువు. దక్షిణ కొరియాలో ఇదే ఇంకా ఘోరంగా జరిగింది: బ్యాంకింగ్ అంతా యాక్టివ్‌ఎక్స్‌కు ముడిపెట్టి, దేశం దేశాన్నే ఏళ్ళ తరబడి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు కట్టేశారు. మన దగ్గర ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి, వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలని వాటిలోనే ఉంది. అయినా ఫలానా బ్రౌజర్‌లో, 1024 బై 768 తెరలో బాగా కనిపిస్తుందన్న అడుగు పంక్తి ఎన్నో పేజీల కింద ఏళ్ళకేళ్ళు అలాగే ఉండిపోయింది. పాత యంత్రాల పక్షం వహించేవాళ్ళు గొంతెత్తాల్సింది ఇక్కడ. వాళ్ళేమో ఖాళీ ట్యాబ్ దగ్గర అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు.

మందుల కంపెనీ ల్యాబులో లైట్ బ్రౌజర్ సలహా ఇంకా ప్రమాదకరం. పరికరానికి జోడించిన కంప్యూటర్‌లో నమోదయ్యే ప్రతి ఫలితానికీ ఆడిట్ ట్రెయిల్ ఉండాలి. అమెరికాకు సరుకు పంపే సంస్థకు ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 1997లో వచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధన వర్తిస్తుంది. ఆ యంత్రంలో ఏది మార్చాలన్నా ముందు చేంజ్ కంట్రోల్ కాగితం తిరగాలి. రాత్రి షిఫ్టులో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన లైట్ బ్రౌజర్ ఆడిట్‌కు వచ్చిన అధికారి కంట పడితే అది ఎన్ని ఎంబీలు తిన్నదని అడగడు. బ్రౌజర్ మంచిదైతే ఎక్స్‌పీ భద్రంగా ఉంటుందన్న మాట కూడా వట్టిదే. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ పురుగు పాకింది విండోస్ ఫైల్ షేరింగ్ లోపం గుండా, బ్రౌజర్ గుండా కాదు.

గోప్యత కోసం చిన్న బ్రౌజర్లు మేలన్న వాదన ఒకటుంది. నిజమే కావచ్చు, ఓటీపీ పేజీ తెరుచుకోని చోట గోప్యతకు లోటేమీ ఉండదు.

చేయదగ్గ పనులు లేకపోలేదు, అవి పట్టికల్లోకి ఎక్కేవి కావు. ముందు బిళ్ళ సెల్లు మార్చి తేదీ సరిచేయాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్ళి ఒక చిన్న ఎస్ఎస్‌డీ, బోర్డుకు సరిపోయే ర్యామ్ ముక్క తెస్తే, బ్రౌజర్ ఏదైనా సరే, తేడా కంటికి కనిపిస్తుంది. కోర్ టు డుయో కాలం నాటి 64-బిట్ యంత్రం అయితే లినక్స్ వేసి ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ పెట్టుకోవచ్చు. తెలుగు వస్తుంది, సర్టిఫికెట్లు వస్తాయి. కాంటా సాఫ్ట్‌వేర్, సంతకం డాంగిల్ అక్కడ నడుస్తాయా అన్నది ఎక్కడికక్కడ చూసుకోవలసిందే. పరికరానికి కట్టిన కంప్యూటర్‌కు మాత్రం ఇంటర్నెట్ కేబుల్ తీసేయాలి, పోర్టల్ పనికి పక్కన వేరే యంత్రం ఉండాలి. 32-బిట్ ప్రాసెసర్లకు లినక్స్ దారి కూడా సన్నబడుతోంది: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు ఆ యంత్రాల కోసం ఇన్‌స్టాలరే లేదు. వాటికి మిగిలిన పనులు పాత టాలీ చూసుకోవడం, డీటీపీ, కాంటా చీటీ ప్రింటు. వీటిలో దేనికీ బ్రౌజర్ అక్కర్లేదు.