మూలనపడ్డ బండికి నలుగురి చేతి చలవ



పాత సామాను విషయంలో మన ఆడవాళ్ళలో రెండు రకాలున్నారు. చిల్లుపడిన జల్లెడ కూడా అటక మీద దాచేవాళ్ళు కొందరైతే, పండగకు ఇల్లు దులిపినప్పుడల్లా తూకానికి వేసేవాళ్ళు కొందరు. నేను రెండో రకం దాన్ని. అలాంటి నేను ఈ వారం ఒక పాత మోటారు సైకిలు గురించి రాస్తున్నాను. వంటల పేజీ పక్కన మోటారు సైకిలేంటమ్మా అనుకోకండి. చాలా ఇళ్ళల్లో పెద్దాయన నడిపిన రాజ్‌దూతో, బుల్లెట్టో, యెజ్దీనో గోనెపట్టా కప్పుకుని పశువుల కొట్టంలో పడి ఉంటుంది. దాన్ని అమ్మాలా, బాగుచేయించాలా అన్న ప్రశ్న ఏదో ఒకనాడు మన వంటింటి దాకా రాక తప్పదు. ఇంటి ఖర్చు లెక్క రాసేది మనమే కదా!

మా ఇంట్లో ఉన్నది యెజ్దీ. 1982లో వేరుశనగ (మా అనంతపురం వైపు బుడ్డలంటాం) అమ్మిన డబ్బుతో మా మామగారు కొన్నారు. ఈ బండి మైసూరులో పుట్టింది. చెకోస్లొవేకియా దేశపు జావా కంపెనీతో ఒప్పందం చేసుకుని ఐడియల్ జావా అనే సంస్థ 1961లో అక్కడ ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. 1973 నుంచి యెజ్దీ పేరుతో బండ్లు వచ్చాయి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జావా పేరు 2018లో, యెజ్దీ పేరు 2022లో మళ్ళీ కొత్త బండ్ల మీద కనబడ్డాయిగానీ, పాత బండికి ఆ సామాన్లు సరిపోవు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డుగా కూడా పనిచేయడం పాత బండి ప్రత్యేకత. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోల్లోనే లీటరుకు ముప్పై, నలభై మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోయాలి.

మామగారు పోయి మూడేళ్ళయింది. ఆ తర్వాత బోరుబావి ఎండిపోయింది. దేశంలోనే అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మాది ఒకటని మీకు తెలిసిందే. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పొలం పంపకాల దగ్గర మావారికీ మా మరిదికీ మాట పట్టింపు వచ్చింది. ఒకే ఊళ్ళో ఉంటూ ఏడాదిన్నర పలకరింపుల్లేవు. మావారు అన్నం తిని అరుగు మీద కూర్చుంటే మళ్ళీ రాత్రి అన్నానికే లేచేవారు. అలాంటి రోజుల్లో పాత ఇనుము కొనే అతను వచ్చి, "ఏమప్పా, ఆ బండి ఇస్తావా? ఆరు వేలిస్తా" అన్నాడు. మావారు "ఇవ్వను" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన గట్టిగా పలికిన మాట అదే.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా ఎదురింటి అబ్బాయికి ఈ బండ్లంటే పిచ్చి. బెంగుళూరులో 2007 నుంచీ జావా, యెజ్దీ బండ్ల వాళ్ళకు ఒక క్లబ్బు ఉంది. ఏటా జూలై నెల రెండో ఆదివారం జావా రోజని చెప్పి చాలా ఊళ్ళలో తమ బండ్లతో కలుసుకుంటారు. ఈ అబ్బాయికి అలా పరిచయమైన స్నేహితులు ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ, మా పాతూరులో ఒక ముసలి మెకానిక్కూ కలిసి మా పెరట్లో పని మొదలుపెట్టారు.

మా గాలిలో తేమ తక్కువ. అందుకని కోస్తాలో అయ్యేంతగా ఇనుము తుప్పు పట్టలేదు. కానీ ఎండకు రబ్బరంతా అప్పడంలా విరిగిపోయింది. ఇంజను పట్టేసింది. మెకానిక్కు స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో నూనె పోసి, "పది రోజులు ముట్టుకోవద్దమ్మా, ఊరనీ" అన్నాడు. ఊరగాయ పెట్టే మనకు ఆ ఓపిక కొత్త కాదు కదా! పిస్టన్ కదిలాక విప్పి చూస్తే సిలిండరు గీతలు పడి ఉంది. బోరు చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేశారు. ఆ సామాన్లు బెంగుళూరు జె.సి. రోడ్డులో వెతికి ఆ పిల్లలే తెచ్చారు. సామాను ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు. "అక్కా, ఉగ్గాని బజ్జీ పెట్టు చాలు" అనేవాళ్ళు.

పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పు వదిలించే పని నాకు అప్పగించారు. చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్టేలే అనుకుంటారేమో, ఇందులో జాగ్రత్త ఉంది. ఖాళీ ట్యాంకులో కూడా పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటుంది, అది భగ్గుమంటుంది. పొయ్యి దగ్గరా, దీపం దగ్గరా అస్సలు పెట్టకూడదు. ఆరుబయట మూత తీసి ఆరనిచ్చి, సబ్బునీళ్ళతో బాగా కడిగి, తర్వాత వెనిగర్ నింపి ఒక రోజు ఉంచాలి. గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపితే తుప్పు రాలుతుంది. నట్లు ఒక్కటి కూడా మిగలకుండా తీసేసి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే ఎండబెట్టి, లోపల ఇంజనాయిలు తిప్పాలి. ఆలస్యం చేస్తే గంటల్లో మళ్ళీ తుప్పు పడుతుంది. కార్బురేటరుకు మాత్రం వెనిగరూ, చింతపండూ తగలనివ్వకండి, ఆ లోహం తినేస్తుంది.

ఇంజను పని అయ్యాక రంగు వేయమంటే మెకానిక్కు ఒప్పుకోలేదు. "కాగితాలు సరిచేసుకో నాయనా. పోయినాయన పేరున ఉన్న బండికి రంగేసి ఏం లాభం?" అన్నాడు. నిజమే. యజమాని చనిపోతే మూడు నెలల్లోగా వారసులు ఫారం 31 తో పేరు మార్పించుకోవాలి. ఆలస్యమైతే అదనంగా కట్టాలి. మిగతా వారసులకు అభ్యంతరం లేదని సంతకం కూడా మామూలుగా అడుగుతారు. అంటే మా మరిది సంతకం కావాలి!

మావారు మళ్ళీ అరుగు ఎక్కారు. "వాడి గడప తొక్కను" అన్నారు. మగవాళ్ళ పంతాలు మనకు తెలియనివా? నేను గిన్నెలో ఓళిగలు పెట్టుకుని మా తోడికోడలి దగ్గరికి వెళ్ళాను. పొలం మాట ఎత్తలేదు. "నాన్న బండి తూకానికి పోకుండా ఆపాం. మీ ఆయన సంతకం లేకపోతే అది మన గేటు దాటదు" అని చెప్పి వచ్చాను. ఆమె, "అక్కా, ఆయన చిన్నప్పుడు ఆ ట్యాంకు మీద కూర్చునే బడికి పోయేవాడంట. ఎన్నిసార్లు చెప్పినాడో!" అంది.

మూడో రోజు మా మరిది వచ్చాడు. చేతిలో పాత గుడ్డమూట ఉంది. మామగారి స్పానర్లూ, బండి రెండో తాళం చెవీ అందులో ఉన్నాయి. అన్నదమ్ములు ముందు బండి గురించే మాట్లాడుకున్నారు. "అన్నా, చైను వదులైంది చూడు" అన్నాడు. సంతకం పెట్టాడు. పొలం తగాదా ఆ ఒక్క రోజులో తీరిందని అబద్ధం చెప్పను. గట్టు దగ్గర లెక్క ఇంకా తేలాల్సి ఉంది. కానీ ఇప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని తేల్చుకుంటున్నారు.

ఖర్చు సంగతి చెప్పాలి కదా. నెలకు రెండున్నర వేలు దాటకూడదని మొదటే షరతు పెట్టాను. అమ్మాయి ఫీజు డబ్బు ముట్టుకోనివ్వలేదు. పద్నాలుగు నెలల్లో మొత్తం ముప్పై నాలుగు వేలయింది. ఒక్కసారిగా పెట్టమంటే నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి:

• ముందు ఆర్‌సీ పుస్తకం వెతకండి. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి.

• యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండికి 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. అయితే అలాంటి బండి రోజువారీ తిరగడానికి పనికిరాదు.

• తూకానికి వేసినా సరే, రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. లేకపోతే ఆ బండి మీ పేరునే ఉంటుంది.

• అంతా విప్పేముందు ఒకరిద్దరు తెలిసినవాళ్ళకు చూపించండి. విప్పిన ప్రతి మరనూ డబ్బాలో వేసి పేరు రాసి పెట్టండి. పప్పుల డబ్బాల మీద రాసుకున్నట్టే.

అన్ని బండ్లూ బాగుచేయించమని నేననను. స్థోమత లేకపోతే అమ్మడంలో తప్పు లేదు. కానీ ఇంట్లో మనిషి మూగబోయి కూర్చున్నప్పుడు, ఆయన చేతికి ఒక స్పానరూ, ఎదురుగా నలుగురు మనుషులూ దొరికితే ఆ ఖర్చును దండగ కింద రాయకండి. మా లెక్కల పుస్తకంలో నేను దాన్ని మందుల ఖర్చు పక్కనే రాసుకున్నాను.