చిత్తుపుస్తకము

ధనుర్మాసము సమీపించుచున్నదనగా తెలుగునాట అనేక గృహములలో పెట్టె అడుగునుండి ఒక పాత పుస్తకము వెలుపలికి వచ్చును. దాని అట్ట చినిగి యుండును; కొన్ని పుటలపై నూనె మరకలుండును; ఏ యేటిదో క్యాలెండరు కాగితముపై గీసిన ముగ్గొకటి నడుమ దోపబడి యుండును. అది ఆ యింటి ముగ్గుల పుస్తకము. అమ్మమ్మ గీసినవి కొన్ని, పుట్టింటినుండి తెచ్చుకొన్నవి కొన్ని, పొరుగువారి వాకిట చూచి మరచిపోకముందే పరుగున వచ్చి గీసికొన్నవి కొన్ని. వానిలో సగము తప్పులే. మెలిక ఎచ్చటనో తెగును. దానిని కొట్టివేసి ప్రక్కనే మరల గీయుదురు. అయినను ప్రతి ముగ్గు చెంతను చిన్న అక్షరములతో ఒక లెక్క తప్పక యుండును: 15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు. ఈ ఒక్క పంక్తి యున్నచో ఇరువది యేండ్ల పిమ్మట మనుమరాలు సైతము తెల్లవారకముందే ఆ ముగ్గును వాకిట నిలుపగలదు. అది లేనిచో చుక్కలు లెక్కించుకొనుటతోడనే ప్రొద్దెక్కిపోవును.

చిత్రకళను అభ్యసింపగోరు విద్యార్థికి చిత్తుపుస్తకము ఎట్లుండవలెనను ప్రశ్నకు ఈ ముగ్గుల పుస్తకమే తగిన సమాధానము. చిత్తుపుస్తకమనగా బొమ్మలు, మాటలు, రంగుల మచ్చలు కలగలిపి దినదినము నింపుకొను సొంత పుస్తకము. పెద్దలలో కొందరు దీనిని కాలము వృథాపుచ్చు పనిగా తలంతురు. మరికొందరు అది అచ్చుపుస్తకమువలె నిర్దోషముగ నుండవలెనని శాసింతురు. ఈ రెండవ తెగవారి వలననే ఎక్కువ హాని కలుగుచున్నది.

క్రొత్త పుస్తకము చేతికి వచ్చిన దినమున విద్యార్థి మొదటి పుటను చూచి జంకును. ఆ తెల్లని కాగితముపై ఒక వంకరగీత పడినచో పుస్తకమంతయు చెడినట్లే యని భావించును. ఎన్నో దినములు ఆ పుట అట్లే యుండును. తుదకు ధైర్యము చేసి మామిడిపిందె నొకదానిని గీయును. అది వంకాయవలె వచ్చును. వెంటనే ఆ కాగితమును చించివేయును. కుట్టిన పుస్తకమున ఒక కాగితమును చించినచో దానికి జంటయైన ఆవలి కాగితము కూడ వదులై రాలిపోవును. నెల తిరుగునప్పటికి పుస్తకము సగమగును. మిగిలినవి నలుగురికి చూపదగిన బొమ్మలే కావచ్చును. కాని ఆ బాలుడు ఏమి నేర్చెనో చెప్పగల పుటలు చెత్తబుట్టలో చేరినవి. వంకాయవలె వచ్చిన ఆ మామిడిపిందె మిగిలియున్నచో, మూడు నెలల పిమ్మట దాని ప్రక్కన మరియొకటి గీసి, ముక్కు ఎచ్చట తప్పినదో కనుగొనవచ్చునుగదా!

ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డా విన్చి (1452–1519) తన తోడివారికి ఈ విషయముననే ఒక సలహా యిచ్చెను. చిత్రకారుడు చిన్న పుస్తకమును వెంట నుంచుకొని, వీథులలో మాటలాడువారిని, కలహించువారిని, నవ్వువారిని నాలుగు గీతలలో పట్టుకొనవలెననియు, ఆ గీతలను చెరిపివేయక భద్రపరుపవలెననియు ఆయన అభిప్రాయము. లోకమునందలి ఆకృతులు అనంతములు. జ్ఞాపకశక్తి వానినన్నిటిని మోయజాలదు. అంతటితో ఆగక, పెచ్చులూడిన గోడలపై మరకలను తేరిపార చూచినచో వానిలో కొండలు, నదులు, యుద్ధములు కానవచ్చునని కూడ ఆయన చెప్పెను. ఇట్టి మాట నేటి తరగతిలో ఒక బాలుడు పలికినచో పరధ్యానమునకు శిక్ష పొందును.

లియొనార్డో వ్రాసిన పుటలలో సుమారు 7,000 నేటికిని నిలిచియున్నవి. ఎడమచేతివాటము గల ఆ మహనీయుడు కుడినుండి ఎడమకు, అద్దములో పెట్టి చదువదగినట్లు వ్రాసెను. ఒకే పుటలో నీటి సుడి, జ్యామితి లెక్క, ఇంటి ఖర్చు కలిసి యుండును. ఇది ఆట. అమరిక మాటయో? 1508లో ఫ్లారెన్సు నగరమున ఒక సంపుటిని ప్రారంభించుచు, ఇది క్రమము లేని కూర్పనియు, తరువాత దేనిని దాని చోట చేర్పగలనని ఆశించుచున్నాననియు ఆయన వ్రాసికొనెను. ఆ తరువాత అను దినము రానేలేదు. ఆయన మరణానంతరము శిష్యుడు మెల్జీ గురువు కాగితములను వెదకి, చిత్రలేఖనమునకు సంబంధించిన భాగములను ఏరి కూర్చెను. అదియైనను 1651లోగాని అచ్చుకాలేదు. మెల్జీ గతించిన పిమ్మట ఆ కాగితములకు పట్టిన గతి మరింత దుఃఖకరము. లియోని యను శిల్పి కొన్నిటిని సంపాదించి, తనకు తోచిన వరుసలో కత్తిరించి, పెద్ద సంపుటిలో అంటించెను. ఒకనాడు ఒకే పుటలో నున్న బొమ్మలు నేడు వేరువేరు దేశములలో నున్నవి.

మాడ్రిడ్ గ్రంథాలయమున చేరిన రెండు పుస్తకముల కథ మరియు విచిత్రము. జాబితాలో సంఖ్య తప్పుపడినందున అవి యున్న చోటనే యుండి నూరేండ్లకు పైగా కంటబడలేదు. 1967లోగాని లోకమునకు వెల్లడి కాలేదు. ఆ రెండింటిలో ఒకదానియందు లియొనార్డో తన పెట్టెలో నుంచిన 116 గ్రంథముల పేర్లు శ్రద్ధతో వ్రాసికొనియున్నాడు. ఆ జాబితాగల పుస్తకమే మరియొకరి జాబితాలోని పొరపాటుచే మరుగునపడినది!

ఇందుచేత ఆటను మాని అమరికకే పూనుకొనవలెనని యెవ్వరైన ననినచో అది సరికాదు. లియొనార్డో సుడులను, రెక్కలను, ముఖములను ఒక్క పుటలో కలిపియుండనిచో, నీటి పాయలకును స్త్రీ జడపాయలకును గల పోలిక ఆయన కంటికి తగిలెడిది కాదేమో. క్రమము ముందు వచ్చి కూర్చున్నచో ఆలోచన గడపదాటి లోనికి రాదు.

విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు చిత్రకళ ప్రారంభమైనదే కొట్టివేతలలో. కవితలు వ్రాయుచు నచ్చని పదములను కొట్టివేయునపుడు, ఆ కొట్టివేతలు పుటలో అనాథలవలె పడియుండుట ఆయనకు సహింపరానిదయ్యెను. వానిని గీతలతో ఒకదానికొకటి కలిపి పక్షులుగను, వింత జంతువులుగను మార్చుచుండెను. 1924లో దక్షిణ అమెరికా యాత్రలో వ్రాసిన ‘పూరబి’ చేతివ్రాతలో ఇట్టివి అనేకములు కలవు. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరములు. ఆరు సంవత్సరములు గడచునప్పటికి, 1930లో, ఆయన చిత్రములు పారిస్ నగరమున ప్రదర్శింపబడెను. తప్పులున్న పుటలను ఆయన చించివేసియుండినచో ఈ కథయే లేదు.

రంగులతో ఆడుటకు అంగడి పెట్టె యవసరమని పలువురు భ్రమపడుదురు. ఇరువదినాలుగు రంగుల పెట్టె కొనిపెట్టినగాని బొమ్మ వేయనని మారాము చేయు పిల్లలును గలరు. వంటింటిలోని పసుపును నీటిలో కలిపి కాగితముపై పూసి, ఆరిన పిమ్మట సున్నపునీటి బొట్టు వేసినచో అచ్చట ఎరుపు పుట్టును. పెండ్లిండ్లలో పాదములకు పెట్టు పారాణి ఇట్టిదే. ఆ యెరుపుపై నిమ్మరసము చిలికినచో మరల పసుపు వచ్చును. కొన నమలిన వేపపుల్ల కుంచె యగును. పొయ్యిలోని బొగ్గు నలుపు నిచ్చును. ఆ పసుపు పుటలో సగమును దళసరి కాగితముతో కప్పి ఎండలో నుంచినచో కప్పని సగము వెలిసిపోవును. ఎన్ని దినములకు వెలిసినది? ఇచ్చట తేదీ వ్రాసినవానికే జవాబు దొరకును. వ్రాయనివానికి ఒక మాసిన కాగితము మిగులును. ఆటకు అమరిక ఎంత యవసరమో ఈ పసుపు మరకయే చెప్పుచున్నది. అంతకు మించి అవసరము లేదు.

అమరిక పేరిట చేయు శ్రమ మితిమీరుటయు కలదు. కొందరు విద్యార్థులు నాలుగువైపుల ఎర్రసిరా అంచులు గీయుదురు, శీర్షికలకు పూలతీగలు చుట్టుదురు, పుస్తకమునకు మూడు అట్టలు వేయుదురు. లోపల గీయుటకు మాత్రము ప్రొద్దు చాలదు. పుటకొక సంఖ్య, బొమ్మకొక తేదీ, గీసిన చోటి పేరు, వాడిన రంగేదో ఒక మాట: ఇంత చాలును. మొదటి రెండు పుటలను విషయసూచికకై విడిచిపెట్టి, వారమున కొకమారు అయిదు నిమిషములు కూర్చుండి ‘రేవులో పడవ, 14’, ‘తాతగారి చెప్పులు, 17’ అని నింపుకొన్నచో పుస్తకము తన్ను తాను చెప్పుకొనును. చివరి అట్టకు లోవైపున కాగితపు సంచి నొకదానిని అంటించినచో ఆకులు, పక్షి యీకలు, విడికాగితములు చెదరకుండ నుండును.

ఆంగ్ల చిత్రకారుడు టర్నరు (1775–1851) ఊరూర తిరిగి నింపిన చిత్తుపుస్తకములు దాదాపు 300. వానిలో చాల వాటికి ఆయన స్వయముగ సంఖ్య వేసి, లోపల ఏయే ప్రదేశములున్నవో చిన్న చీటీపై వ్రాసి అంటించెను. యౌవనమున దారిలో గీసిన కొండను ఎన్నో సంవత్సరముల పిమ్మట పెద్ద చిత్రముగ మలచుకొనుటకు ఆయనకు దారి చూపినవి ఈ పుస్తకములే. ఆయన మరణానంతరము 1857లో రస్కిన్ అను విమర్శకుడు ఆ నిధిని సర్దబూనెను. లండనునందలి జాతీయ చిత్రశాలలో రేకుపెట్టెలలో కుక్కియున్న కాగితములు 19,000కు పైబడినట్లు తేలెను. గీసినవాడు బ్రతికియున్నపుడు నిమిషములో పెట్టగల తేదీని, తరువాతివారు నెలల తరబడి ఊహింపవలసి వచ్చెను.

విద్యార్థి పుస్తకము టర్నరు పుస్తకమువలె చిత్రశాలకు పోనక్కరలేదు. అది నిండిన దినమున వెన్నుపై సంఖ్యయు మాసముల పేర్లును గల చీటీ నొకదానిని అంటించి, ముగ్గుల పుస్తకమున్న పెట్టెలోనే దాచుకొనవచ్చును. మరునాడు క్రొత్త పుస్తకము తెరచినప్పుడు మరల ఆ తెల్లని పుట యెదురగును. సూచికకై విడిచిన పుటలు దాటిన వెంటనే, బొమ్మలకై ఉద్దేశించిన ఆ మొదటి పుటపై కుంచెను తుడిచి, ప్రక్కన తేదీ వేయుట మంచిది. అటుపిమ్మట ఆ పుటకు భయపడవలసిన పని యుండదు.