చేతికి నేర్పని జాగ్రత్త

దుర్గ్ జిల్లాలోని భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. నాటినుండి పలు ప్రాంతములవారు, వారిలో తెలుగువారును, అచ్చట కుదురుకొని ఉక్కు పని నేర్చిరి. అట్టి కర్మాగారములలో “జాగ్రత్త” అని గోడలమీద వ్రాయుట సామాన్యము. ప్రమాదము జరిగినచో “అజాగ్రత్త” అని కార్మికుని నిందించుటయు సామాన్యమే. ఈ నింద చాలవరకు తొందరపాటు.

క్రొత్తగా క్రేను నడుపువాడు ప్రతి మీటను చూచి, తలచి కదపును. కొన్ని మాసములకు చేయి తనంతట తానే పోవును. చూపు బరువుమీదనే నిలుచును. ఈ మార్పునకు ముఖ్యాధారము పెద్ద మెదడు లోతులలోనున్న బేసల్ గాంగ్లియా అను నాడీకణముల గుంపులు. చిన్న మెదడును తోడ్పడును. పార్కిన్సన్ వ్యాధిలో ఈ గుంపులకు డోపమిన్ అను రసాయనము నందించు కణములు నశించును. అప్పుడు చొక్కా గుండీ పెట్టుకొనుటయు భారమగును.

విన్నది గుర్తుండుట వేరు, చేతికి పని వచ్చుట వేరు. 1953లో జరిగిన శస్త్రచికిత్స మూలమున క్రొత్త సంగతులను గుర్తుంచుకొను శక్తి పోయిన ఒక అమెరికా రోగిచేత బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయించిరి. మూడు దినములలో అతని చేయి చక్కబడినది. తాను మునుపు గీసినట్లు మాత్రము అతనికి జ్ఞాపకమే లేదు. ఉపన్యాసము చెవికి చేరును గాని చేతికి చేరదు.

పైగా ఈ యంత్రాంగము మంచిచెడ్డల నెరుగదు. వ్రేలాడు బరువు క్రిందుగా అడ్డదారిని పోయినవానికి ఒక నిమిషము కలిసివచ్చును, కీడేమియు జరుగదు. అనుకొన్నదానికంటె మేలైన ఫలితము కలిగినపుడు డోపమిన్ హెచ్చి ఆ నడతను గట్టిపరచును. పలుమార్లు పోయిన పిమ్మట కాళ్లే అటు నడచును. ఇట్లు కుదిరిన అలవాటును తుడిచివేయుట కష్టము. దానిపై క్రొత్తది నేర్చినను, అలసటలో, తొందరలో పాతదే తలయెత్తును. రాత్రి షిఫ్టు చేసినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

కావున మొదటి వారములే ముఖ్యము. క్రొత్తవానిచేత నెమ్మదిగా, సరియైన వరుసలోనే పని చేయించి, తప్పును అక్కడికక్కడే దిద్దవలెను. ఉత్పత్తి తగ్గునని ఆ వారములను కుదించుట పొదుపు కాదు. అడ్డదారికి కంచె వేసినచో సగము ఉపన్యాసములు తప్పును. అనుభవశాలి క్రొత్త యంత్రమునకు మారినపుడును ఇట్టి శిక్షణ కావలెను. అతనికి అంతయు తెలియునని వదలివేయుదురు. కాని అతని చేతికి తెలిసినది పాత యంత్రము.