ముల్లు ఎగిరితే మీటర్ మార్చేయకండి

మా నాన్న కారు నడుపుతుంటే పక్కన కూర్చున్న అమ్మ రోడ్డు చూడదు, మీటర్ చూస్తుంది. "ఏవండీ, ఎనభైకి పోయింది, మెల్లగా!" అంటుంది. "నలభై కూడా దాటలేదే బాబూ" అంటాడాయన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కారు నలభైలోనే పోతోంది. మీటర్ ముల్లు మాత్రం ఇరవైకీ ఎనభైకీ మధ్య సంక్రాంతి బరిలో పుంజులా ఎగురుతోంది.

మాది 1997 మోడల్ మారుతి 800. ముదినేపల్లి అప్పుడు కృష్ణా జిల్లా కాబట్టి నంబర్ ఏపీ 16తో మొదలవుతుంది. 2022లో మమ్మల్ని ఏలూరు జిల్లాలో కలిపారు గానీ నంబర్ ప్లేట్‌కి ఆ సంగతి తెలీదు. మారుతి 800 మొదటిసారి రోడ్డెక్కింది 1983లో, తయారీ ఆగిపోయింది 2014లో. మా ఊళ్లో ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి.

మొన్న పండక్కి వచ్చేసరికి గొడవ ముదిరింది. అమ్మ కారెక్కడం మానేసింది. గుడివాడలో డాక్టర్ దగ్గరకి కూడా మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి వెళ్తోంది. "ముల్లు చూస్తే నాకు గుండె దడ" అంటుంది. నిజమే మరి. కైకలూరు వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఎదురుగా చేపల లోడు లారీ వస్తుంటే ఎవరికైనా దడే.

నాన్న ఈలోపే ఒక మెకానిక్‌కి చూపించాడు. "మీటర్ పోయింది మాస్టారూ, సెకండ్ హ్యాండ్‌ది వేసేద్దాం" అన్నాడట. నాన్న వద్దన్నాడు. కారణం డబ్బు కాదు. మీటర్ మారిస్తే అందులో కిలోమీటర్ల అంకె కూడా మారిపోతుంది. మా కారు 96 వేల చిల్లర తిరిగింది. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ ఆ అంకెని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్న మనిషాయన. నన్ను ఇంజినీరింగ్ కాలేజీలో దించిన రోజు, తాతయ్యని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు అన్నీ అందులో ఉన్నాయి, తేదీ, కిలోమీటర్లతో సహా. "ఎవరి కారో తిరిగిన కిలోమీటర్లు నా కారులో ఎందుకురా?" అన్నాడు. అదీగాక రేపు ఎవరికైనా అమ్మితే, ఆ అంకె చూసి కొనేవాడు మోసపోతాడు కదా.

భోగి రోజు మా బాబాయ్ వచ్చాడు. ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీ నడిపినాయన. విషయం విని ఒక్కటే అడిగాడు: "కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయా?"

తిరుగుతున్నాయి.

"అయితే మీటర్‌కేం కాలేదు. తీగ ఎండిపోయింది."

ఈ మాట అర్థం కావాలంటే పాత మీటర్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. గేర్‌బాక్స్ దగ్గర నుంచి మీటర్ దాకా ఒక కేబుల్ వస్తుంది. పైన గొట్టం, లోపల ఉక్కు తీగలతో పేనిన సన్నటి తాడు. చక్రాలు తిరిగితే ఆ తాడు గిర్రున తిరుగుతుంది. దాని కొస మీటర్ వెనక ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతాన్ని తగలకుండా చుట్టూ ఒక అల్యూమినియం కప్పు ఉంటుంది, ముల్లు బిగించి ఉండేది ఆ కప్పుకే. అయస్కాంతం తిరిగేకొద్దీ కప్పులో సుడి కరెంట్లు పుట్టి, దాన్ని కూడా తమతో లాక్కుపోవాలని చూస్తాయి. ఒక సన్నటి స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ ఎక్కడ సరిసమానమైతే అక్కడ ముల్లు ఆగుతుంది. జర్మనీలో ఒట్టో షుల్జ్ అనే ఆయన 1902లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిప్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, దాదాపు వందేళ్లు ప్రపంచంలో కార్లన్నీ ఎక్కువగా దీని మీదే నడిచాయి.

ఇప్పుడు ఆ తాడుకి గ్రీజు ఎండిపోయిందనుకోండి. గొట్టంలో ఎక్కడో పట్టేస్తుంది. కింద గేర్‌బాక్స్ తిప్పుతూనే ఉంటుంది కాబట్టి తాడు మెలి పడుతుంది. మెలి బాగా బిగిశాక ఒక్కసారి విదిలించుకుని జర్రున తిరుగుతుంది. మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ విదిలిస్తుంది. మొత్తం మీద తిరిగిన చుట్లు మాత్రం సరిగ్గానే ఉంటాయి, అందుకే కిలోమీటర్ల అంకె తప్పదు. కానీ ముల్లుకి ఆ క్షణంలో వేగం ఎంతో అంతే చూపించడం తెలుసు. పాపం, అది అబద్ధం చెప్పడం లేదు. తాడు ఎగిరితే తనూ ఎగురుతోంది.

బాబాయ్ చెప్పిన లెక్క గుర్తుపెట్టుకోండి. ముల్లు ఎగురుతూ అంకెలు తిరుగుతుంటే ముందు కేబుల్ చూడాలి. అంకెలు తిరుగుతూ ముల్లు అసలు లేవకపోతే మీటర్ లోపల తేడా. రెండూ ఆగిపోతే చాలావరకు కేబుల్ తెగి ఉంటుంది, లేదా గేర్‌బాక్స్ దగ్గర పన్ను అరిగి ఉంటుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. కారు ఎలాగూ కదలదని ఆ రోజే పని పెట్టుకున్నాం. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేశాం, మీటర్ వెనక బల్బుల వైర్లుంటాయి కాబట్టి. మీటర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ స్క్రూలు విప్పి, మీటర్‌ని కాస్త ముందుకి లాగి, వెనక చెయ్యి పెట్టి కేబుల్ ఊడదీశాం. బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ వైపు కూడా తీసేశాం. మోడల్‌ని బట్టి ఇవి మారతాయి. ఎక్కడైనా రాకపోతే బలంగా గుంజకండి, పాత ప్లాస్టిక్ క్లిప్పు పుటుక్కున విరుగుతుంది.

కేబుల్ బయటికి వచ్చాక నాకు మాట రాలేదు. మధ్యలో ఒకచోట మోచేయిలా మడత పడి ఉంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను ముచ్చటపడి పెట్టించిన స్టీరియో వెనక, దాని వైర్లతో కలిపి ట్యాగ్ వేసి బిగించేశారు. పని చేయించింది నేను. పక్కన నిలబడి పాట వాల్యూమ్ చూసుకున్నది కూడా నేనే. ఇన్నాళ్లూ అమ్మానాన్నల గొడవకి మూలం నా స్టీరియో! నాన్న ఏమీ అనలేదు. బాబాయ్ మాత్రం "బాగుందిరా పాట" అన్నాడు.

లోపలి తీగని మెల్లగా లాగాం. నల్లగా, జిగురుగా, కొన్నిచోట్ల తుప్పుతో ఉంది. డీజిల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరేదాకా రుద్దాం. తీగని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొస నుంచి కొసకి జరిపి చూడాలి. ఒక్క పోగు తెగి గుచ్చుకున్నా ఆ కేబుల్‌కి ఇక గ్రీజు వైద్యం పనిచెయ్యదు, కొత్తది వేసుకోవాల్సిందే. మాది తెగలేదు.

ఇక గ్రీజు. నేను జిలేబీకి పాకం పట్టించినట్టు పూయబోతే బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. పల్చగా, తడి కనిపించేంత చాలు. మీటర్ వైపు కొస దగ్గర ఓ జానెడు అసలు పూయకూడదు. తాడు పేనిన తీగ కదా, తిరిగేటప్పుడు మరలా పనిచేసి గ్రీజుని పైకి ఎక్కిస్తుంది. అది మీటర్‌లోకి చేరి కప్పుకి అంటుకుంటే, అప్పుడు నిజంగానే మీటర్ పోతుంది.

బిగించేటప్పుడు కేబుల్‌ని ఎక్కడా మడవకుండా వెడల్పాటి వంపులో పోనిచ్చాం. స్టీరియో వైర్లు వేరే దారి పట్టాయి.

ముక్కనుమ రోజు నాన్న నడిపాడు, నేను పక్కన ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ పెట్టుకుని కూర్చున్నా. మీటర్ 50 అంటే ఫోన్ 46, 47 అంటోంది. కంగారు లేదు, కార్ల మీటర్లు అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపించేలానే తయారవుతాయి. ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు, కాకపోతే ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి. ఇరవై లోపు మాత్రం ముల్లు ఇంకా కొంచెం వణుకుతోంది. మడత పడ్డ చోటు పూర్తిగా సాగలేదు. కొత్త కేబుల్ కొనిచ్చి వచ్చాను. నాకైన ఖర్చు రెండు బిర్యానీల కన్నా తక్కువే.

పాత స్ప్లెండర్ లాంటి బైకులకీ ఇదే కథ, అక్కడ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది. కొత్త కార్లలో కేబుల్ ఉండదు, సెన్సర్లు, వైర్లు. వాటి ముల్లు ఎగిరితే గ్రీజు డబ్బా తియ్యకండి.

ఆ ఆదివారం అమ్మని కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి తీసుకెళ్దామన్నాడు నాన్న. అమ్మ ముందు సీట్లో కూర్చుని మీటర్ కేసి చాలాసేపు చూసింది. ముల్లు 40 దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. కైకలూరు దగ్గరపడ్డాక అంది:

"ఇంత మెల్లగానా ఇన్నాళ్లూ నడుపుతున్నారు? కాస్త తొక్కండి, గుడి మూసేస్తారు."