లైసెన్సు పాతిక డాలర్లు, శిక్ష పదిహేనేళ్ళు

ముందే చెప్పేస్తున్నా, నేను తుపాకీ అంటే చెవులు మూసుకునే రకం కాదు. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాణ్ణి. పైగా మా బాబాయి ఒంగోల్లో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులుగా చేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు ఒకసారి పోలింగు డ్యూటీ మా ఊరికే పడింది. స్కూలు గేటు దగ్గర ఆయన భుజానికి ఎస్సెల్లార్ తగిలించుకుని నిలబడితే నా క్లాసు పిల్లలందరికీ "మా బాబాయే, మా బాబాయే" అని చూపించుకుంటూ తిరిగాను. ఆ పొడుగాటి నల్ల గొట్టం, ఆ చెక్క బట్టు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు గుర్తు.

అందుకే పోయిన నెల మా లీడ్ అన్నతో పాటు డల్లాస్ శివార్లలో ఒక గన్ షాపుకి వెళ్ళినప్పుడు అడుగు ముందుకి పడలేదు. ర్యాకులో అదే తుపాకీ! ఎస్సెల్లార్ అంటే మన దేశపు సొంత సరుకేం కాదు. బెల్జియం వాళ్ళ ఎఫ్ఎన్ కంపెనీ 1950లలో తెచ్చిన ఫాల్ అనే రైఫిల్‌కి మన రూపం. 1962లో చైనా యుద్ధానికి మన సైన్యం చాలావరకు పాత త్రీనాట్‌త్రీలతోనే వెళ్ళింది. ఆ దెబ్బ తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీలో ఈ 7.62 రైఫిల్ తయారీ మొదలైంది. 1990ల నుంచి సైన్యంలో దాని చోటులోకి ఇన్సాస్ వచ్చింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలోనైతే బ్రిటన్, అర్జెంటీనా రెండూ ఈ ఫాల్ రకాలే పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నాయి. షాపులో నేను చూసింది ఇల్లినాయ్‌లో డీఎస్ ఆర్మ్స్ అనే కంపెనీ కొత్తగా చేస్తున్న ఎస్ఏ58. ట్యాగు మీద ధర రెండు వేల డాలర్ల పైనే.

"కొనేయ్ తమ్ముడూ" అన్నాడు అన్న.

"హెచ్-1బి మీద ఉన్నాను కదన్నా?"

"హంటింగ్ లైసెన్సు తీసుకో. ఆన్‌లైన్‌లో పది నిమిషాలు, పాతిక డాలర్లు. మా ఫ్రెండ్స్ నలుగురు అలాగే కొన్నారు. పక్కా లీగల్."

అన్న అబద్ధం చెప్పలేదు. నా గొడవంతా ఆ "పక్కా లీగల్" అనే రెండు మాటలతోనే.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ కానీ తూటా కానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు ఉండటం. మనవాళ్ళు పట్టుకున్న వర్కెరౌండ్ ఇదే. షాపువాడు ఫారం 4473 నింపిస్తాడు, లైసెన్సు చూస్తాడు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది, తుపాకీ చేతిలో పెడతాడు.

ఇక్కడితో పని అయిపోయింది అనుకోవడమే మన తప్పు. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన భాషలోనే చెప్తాను. షాపులో జరిగింది కంపైల్ టైమ్ చెక్ మాత్రమే. చట్టం మాత్రం రన్ టైమ్‌లో, ప్రతి రోజూ, ప్రతి క్షణం చెక్ చేస్తుంది. కొన్న రోజు లైసెన్సు ఉంటే చాలదు, తుపాకీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గడువు దాటని లైసెన్సు ఉండాలి. టెక్సస్‌లో ఏడాది లైసెన్సు నువ్వు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. సెప్టెంబరు 1 పొద్దున్న నువ్వు కాఫీ తాగుతూ స్టాండప్ కాల్‌లో ఉంటావు, అల్మరాలో ఉన్న తుపాకీ మాత్రం ఫెడరల్ నేరం అయిపోయి ఉంటుంది. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ రెన్యువల్ మర్చిపోయి ప్రొడక్షన్ పడేసిన చరిత్ర మనది. అక్కడ పోయేది నాలుగు గంటల డౌన్‌టైమ్. ఇక్కడ గరిష్ఠ శిక్ష, 2022లో చట్టం మార్చాక, పదిహేనేళ్ళు.

"క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకుంటే పోలా?" అంటారు. సరే, పెట్టుకున్నావనుకుందాం. అసలు బొక్క అక్కడ లేదు.

ఆ హంటింగ్ లైసెన్సు మినహాయింపు నాన్ ఇమిగ్రెంట్ స్టేటస్‌లో ఉన్నవాడికి. స్టేటస్ పోయి అక్రమంగా ఉంటున్నవాడి కింద లెక్కయితే అది వేరే క్లాజు, దానికి హంటింగ్ లైసెన్సు అడ్డం రాదు. ఇప్పుడు చెప్పండి, మన స్టేటస్ ఎవడి చేతిలో ఉంది? 2022 చివర్లో, 2023లో లేఆఫ్‌లు ఎలా వచ్చాయో చూశాం కదా. పొద్దున్న లాగిన్ పనిచెయ్యదు, మధ్యాహ్నానికి పర్సనల్ మెయిల్‌కి ఉత్తరం. ఆ రోజు నుంచి మహా అయితే 60 రోజులు, ఐ-94 ముందే అయిపోతే అంతకంటే తక్కువ. ఆ 60 రోజుల్లో ఉద్యోగం వెతకాలి, లాయరుతో మాట్లాడాలి, కారు అమ్మాలి, అపార్ట్‌మెంట్ లీజు తెంపాలి, పిల్లల స్కూలు చూసుకోవాలి. వీటి మధ్యలో ఒక రైఫిల్‌ని కూడా చట్టప్రకారం వదిలించుకోవాలి. ఇండియాకి సూట్‌కేసులో వేసుకెళ్ళే వస్తువు కాదది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మన ఆయుధాల చట్టంలో నిషిద్ధ ఆయుధం.

ఇదంతా నా ఊహ అనుకునేవాళ్ళకి రెహైఫ్ కేసు ఉంది. స్టూడెంటు వీసా మీద వచ్చిన కుర్రాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది. తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి రెండు తుపాకులు కాల్చాడు. వాటిని కొనలేదు, ఇంటికి తీసుకెళ్ళలేదు. అయినా కేసు పడింది, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు అతని పక్షాన ఒక మాట చెప్పింది: తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలి అని. మంచి తీర్పే. కానీ మనకి ఏం ఉపయోగం? మిగిలిన 60 రోజుల్ని వేళ్ళమీద లెక్కపెట్టుకునే జాతి మనది. "నా స్టేటస్ సంగతి నాకు తెలీదు" అని హెచ్-1బి వాడు చెప్తే జడ్జీ కాదు కదా, మా అమ్మ కూడా నమ్మదు.

వీకెండుకి రేంజ్‌కెళ్ళి అద్దె తుపాకీ పట్టుకుని ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టే తమ్ముళ్ళూ, మీక్కూడా చెప్తున్నా. రేంజ్‌లో పట్టుకోవడం కూడా పట్టుకోవడమే. మీ దగ్గర మినహాయింపు లేకపోతే మీ మీద సాక్ష్యం మీరే అప్‌లోడ్ చేస్తున్నారు, అదీ లొకేషన్ ట్యాగుతో సహా.

ఇంకొకటి. మా ఆవిడ హెచ్-4 మీద ఉంది. చట్టం ఆవిడకీ అంతే. నా లైసెన్సు ఆవిడకి పనికిరాదు. సేఫ్ తాళం ఆవిడకి అందుబాటులో ఉంటే రేపు ఆ తుపాకీ ఆవిడ దగ్గర కూడా ఉన్నట్టే అని వాదించొచ్చు. జైలు అవతల పెట్టండి, తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే చాలు, గ్రీన్‌కార్డు ఉన్నవాడికైనా సరే. నా సరదాకి ఆవిడ వీసాని కూడా పందెం కాసే హక్కు నాకెవరిచ్చారు?

అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పుకుందాం. "కొత్తది కదా, నకలు" అని తీసిపారెయ్యడం సులువు. కానీ నిజానికి ఎస్సెల్లార్ విషయంలో ఆ మాట అంతగా అతకదు. ఫాల్ ఆటోమేటిక్‌గా కాలిస్తే చేతిలో ఆగదని తెలిసి బ్రిటిష్ వాళ్ళూ మనవాళ్ళూ నొక్కినప్పుడల్లా ఒకే తూటా వెళ్ళేట్టు చేసుకున్నారు. కాబట్టి మామూలు జనానికి అమ్మే ఈ సెమీ ఆటోమేటిక్ రకం మా బాబాయి మోసిన దానికి బాగా దగ్గరే. సిటిజన్ అయినవాడు, ఇంట్లో గట్టి సేఫ్ ఉన్నవాడు, చరిత్ర మీద ఇష్టంతో కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. అది వాడి దేశం, వాడి చట్టం.

కానీ "ఇంటి రక్షణకి" అనేవాళ్ళకి మాత్రం దణ్ణం. దీని తూటా సెకనుకి 800 మీటర్ల పైన పోతుంది. మన అపార్ట్‌మెంట్ గోడలేమో షీట్‌రాక్. పక్కింటి వాళ్ళు కూర పోపు పెడితే మనకి తుమ్ములొస్తాయి. ఆ గోడ ఈ తూటాని ఆపుతుందా? దొంగ దాకా ఎందుకు, గోడ అవతల ఉయ్యాల్లో పడుకున్న పిల్ల సంగతి ఆలోచించండి.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. ఎస్సెల్లార్ ఇక్కడ షాపులో అమ్ముతున్నారంటే ఆయన మొదట నమ్మలేదు. తర్వాత, "ఇంట్లో పెట్టుకుంటారా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఒరేయ్, సర్వీసంతా మోశాను. ఒక్క రాత్రి కూడా ఇంటికి తేలేదు. డ్యూటీ దిగగానే తూటాలు లెక్కపెట్టి అప్పజెప్పి సంతకం పెడితే గానీ అన్నం సయించేది కాదు. ఒక్కటి లెక్క తగ్గిందా, ఉద్యోగం ఊడినట్టే. నువ్వు డబ్బులిచ్చి ఆ బరువు ఇంటికి తెచ్చుకుంటానంటావేంట్రా?"

నాకు కావాల్సింది ఆ తుపాకీ కాదు, స్కూలు గేటు దగ్గర నిలబడ్డ మా బాబాయి అని అప్పుడర్థమైంది. అది ఏ షాపులోనూ దొరకదు, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

సోమవారం అన్నకి చెప్పేశాను, కొనట్లేదని. "భయపడ్డావా తమ్ముడూ?" అన్నాడు. భయమే అన్నా. టెస్టింగ్ చెయ్యని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తొయ్యనివ్వని భయం ఉంది చూడు, అదే. ఆ భయానికే కదా కంపెనీ మనకి జీతమిస్తోంది.

మీ నలుగురు ఫ్రెండ్స్‌ని మాత్రం ఒకసారి లైసెన్సు మీద తేదీ చూసుకోమను.